వంత పాడేదెవరు?

సినిమా లేదు, ఆడియో కంపెనీ లేదు, ‘సందర్భం ఇదీ’ అని చెప్పే దర్శకుడు లేడు. శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో సొంతంగా పాట కట్టేవాళ్లు మొదటి మాట ఎక్కణ్ణుంచి తెచ్చుకుంటారు? వరస ఎవర్ని అడిగి తీసుకుంటారు?

భావనపాడు ఒడ్డున ఫోను పెట్టి పాట పాడితే ముందు రికార్డయ్యేది గాలి. తర్వాత అల హోరు. ఆ రెండూ పోగా మిగిలింది మన గొంతు. అందుకే యూట్యూబ్‌లో సముద్రం ముందు చేతులు చాపి పాడుతున్నట్టు కనిపించే కుర్రాళ్లలో చాలామంది గొంతు అక్కడ రికార్డయింది కాదు. ఏ లోపలి గదిలోనో ఫ్యాను ఆపి, కిటికీకి దుప్పటి కట్టి, చెమటలు కక్కుతూ పాడింది. బొమ్మ ఒడ్డుది, గొంతు గదిది.

సొంతంగా పాట కట్టుకునేవాళ్ల అసలు చిక్కు ఇక్కడే ఉందనిపిస్తుంది నాకు. ఒడ్డున పాడితే ఎదురుగా మనుషులుంటారు. పల్లవి బాగుంటే రెండోసారికి వాళ్లే అందుకుంటారు. బాగోకపోతే ఎవరి పనిలో వాళ్లు పడతారు. గదిలో పాడితే ఎదురుగా గోడ ఉంటుంది. గోడ ఏ పల్లవినీ అందుకోదు, ఏ పల్లవికీ మొహం తిప్పుకోదు. పాట బాగుందో లేదో తెలిసేసరికి అది అప్‌లోడ్ అయిపోయి ఉంటుంది.

ఫోన్లు వచ్చాక పుట్టిన చిక్కు కాదిది. ఉత్తరాంధ్రలో నూరేళ్ల పైచిలుకుగా పాట కట్టిన గట్టివాళ్లంతా ఈ ఒక్క ప్రశ్ననే రకరకాలుగా తేల్చుకున్నారు. నేను పాడతాను సరే, వంత పాడేదెవరు?

సరుకుకి కరువు లేదు

భావనపాడు సంతబొమ్మాళి మండలంలో సముద్రాన్ని ఆనుకుని ఉన్న వేట ఊరు. ఒక పక్క నౌపడ ఉప్పు మళ్లు. కాస్త లోపలికి వెళ్తే తేలినీలాపురంలో ఏటా చలికాలం ముందు వచ్చి వాలే గూడబాతులు, ఎర్రకాళ్ల కొంగలు. ఉత్తరాన ఉద్దానం కొబ్బరి, జీడి తోటలు. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను వాటి నడుం విరిచి పోయింది. ఇదే మండలంలో కాకరాపల్లి థర్మల్ విద్యుత్ కేంద్రం వద్దని జనం తిరగబడితే 2011 ఫిబ్రవరి 28న పోలీసు కాల్పుల్లో ప్రాణాలు పోయాయి. మొదట భావనపాడు పేరు మీద మాట్లాడుకున్న ఓడరేవు, 2023 ఏప్రిల్ 19న శంకుస్థాపన నాటికి మూలపేట పోర్టయింది. రేవు పేరు పక్కూరికి పోవడం ఒక్కటి చాలు, పెళ్లి పందిట్లో బావామరదళ్లు ఆటపట్టించుకునే పాట ఒకటి కట్టడానికి.

ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు వేట నిషేధం. మర బోట్లు ఒడ్డెక్కుతాయి. ఇక్కడి వేట చాలక గుజరాత్‌లోని వీరావల్ దాకా పోయి అక్కడి బోట్లలో కూలికి వేటాడే శ్రీకాకుళం మగవాళ్ల కథ ఇప్పుడు దేశానికంతా తెలుసు. 2018 నవంబరులో అలా వెళ్లి పాకిస్తాన్‌కి చిక్కి, 2020 జనవరిలో విడుదలై వచ్చిన మత్స్యలేశం, చుట్టుపక్కల ఊళ్ల మత్స్యకారుల మీద 2025 ఫిబ్రవరిలో ‘తండేల్’ సినిమా వచ్చింది. దేవిశ్రీప్రసాద్ పాటలు ఊరూరా మోగాయి.

ఇంత సరుకు చుట్టూ పెట్టుకుని కొత్తగా రాసేవాళ్లు చాలాసార్లు ‘సంద్రమే మా అమ్మ, అలలే మా చెల్లెళ్లు’ దగ్గర ఆగిపోతారు. అది వేటకి వెళ్లేవాడి మాట కాదు. వేటగాడు సముద్రాన్ని తిడతాడు, గాలిని లెక్కగడతాడు, డీజిల్ ధర గురించి మాట్లాడతాడు. అమ్మా అని దండం పెట్టేది ఏడాదికోసారి గంగమ్మ పండగలో. రోజూ అమ్మ అంటే ఆ మాటకి బలం పోతుంది.

‘తండేల్’ పాట రాసినవాళ్లకి ఒక వసతి ఉంది. పాట మొదలయ్యే వేళకి ప్రేక్షకుడికి హీరో ఎవరో, ఎవర్ని వదిలి వెళ్తున్నాడో, ఎప్పుడొస్తానన్నాడో అన్నీ తెలిసిపోయి ఉంటాయి. అక్కడ మామూలు మాట కూడా పనిచేస్తుంది. సొంతంగా కట్టేవాడికి ఆ సినిమా లేదు. మొదటి రెండు ముక్కల్లో ఎవరు ఎవరితో ఎప్పుడు మాట్లాడుతున్నారో చెప్పేయాలి. చెప్పినట్టూ ఉండకూడదు. ఈ ఇరకాటానికి జానపదం ఏనాడో ఒక దారి కనిపెట్టింది. అది పిలుపు. బావా అంటే పాడేది మరదలో పెళ్లామో. వదినా అంటే వెక్కిరింత రాబోతోంది. పిల్లా అంటే సరసమో, కష్టం చెప్పుకోవడమో. ఒక్క పిలుపుతో మనుషులు, చుట్టరికం, చనువు, తగువు అన్నీ వచ్చి కూర్చుంటాయి. ఇక చరణాల్లో కథ చెప్పుకోవచ్చు.

2025లో ఊపేసిన ‘రాను బొంబాయికి రాను’ చూడండి. పాలమూరు వైపు నుంచి వచ్చిన రామూ రాథోడ్ పాట. వెనక కంపెనీ బలం లేకుండా యూట్యూబ్‌లోనే పైకొచ్చింది. శీర్షికలోనే ఒక సంసారం ఉంది. ఎవరో రమ్మన్నారు, ఇంకొకరు రానన్నారు. పాలమూరుకి బొంబాయి ఎలాగో శ్రీకాకుళం తీరానికి వీరావల్ అలాగ. వలస గురించి వ్యాసం రాయకుండా వలసని ఇంటి తగువు చేసి పాడటంలో ఉంది దాని పనితనం.

చరణం ఒకడిది, పల్లవి అందరిదీ

శ్రీకాకుళం జిల్లాలో సొంతంగా పాట కట్టి, సొంతంగా జనంలోకి తీసుకెళ్లి, దాని ఖరీదు ఒంటిమీద చెల్లించినవాళ్లలో ముందు చెప్పుకోవలసింది గరిమెళ్ల సత్యనారాయణ. 1893లో గోనెపాడులో పుట్టారు. సహాయ నిరాకరణ రోజుల్లో ఆయన కట్టిన ‘మాకొద్దీ తెల్లదొరతనము’ పాటకి 1922లో జైలుకి వెళ్లారు. ఆ పాట దేశభక్తి గురించి బళ్లో చెబుతారు గానీ అందులోని కట్టుబడి గురించి ఎవరూ చెప్పరు. అది చాలా పొడుగు పాట. ఉప్పు దగ్గర్నుంచి చదువు దాకా ఒక్కో చరణంలో ఒక్కో బాధ. ఇంత పొడుగు పాట నడివీధిలో గుంపు ఎలా పాడింది? గుంపు మొత్తం పాట నేర్చుకోనక్కర్లేదు. చరణం నేర్చినవాడు ఒకడుంటే చాలు. చరణం అయ్యేసరికి పల్లవి తిరిగొస్తుంది, అది మాత్రం వెయ్యి గొంతులది. చరణాలు ఎన్నయినా పెంచుకోవచ్చు, తగ్గించుకోవచ్చు, పోలీసులొస్తే మధ్యలో ఆపేయొచ్చు. పల్లవి ఒక్కటే చెక్కుచెదరకూడదు. ఆ లెక్క తెలిసి కట్టిన మనిషి ఆయన. 1952 డిసెంబరు 18న మద్రాసులో, చేతిలో చిల్లిగవ్వ లేని స్థితిలో పోయారు.

ఆయనకన్నా ముందు తరంలో, ఈ పని మొత్తం ఒక్కడే చేయడం ఎలాగో చూపించినవారు ఆదిభట్ల నారాయణదాసు. 1864లో బొబ్బిలి దగ్గరి అజ్జాడలో పుట్టి, విజయనగరంలో 1919లో మొదలైన సంగీత కళాశాలకి తొలి అధ్యక్షుడయ్యారు. కథ ఆయనదే, సాహిత్యం ఆయనదే, రాగం, తాళం, కాలి గజ్జె, మధ్యలో పిట్టకథ, అన్నీ ఆయనవే. ఇవాళ పాట రాసి, ట్యూను కట్టి, పాడి, ఎడిట్ చేసి పెట్టుకునేవాళ్లకి తాతగారని చెప్పుకోవచ్చు. అంతటి ఆయనా సభ చేత గోవింద కొట్టించకుండా కథ దాటించేవారు కాదు. హరికథలో ఆ గోవింద భక్తి కోసమే అనుకుంటాం. కథకుడు ఊపిరి పీల్చుకోవడానికీ, జనం నిద్రపోకుండా ఉండటానికీ, పాట తమది కూడా అనుకోవడానికీ అదే పనికొస్తుంది.

అటు తర్వాత సుబ్బారావు పాణిగ్రాహి. భావనపాడుకి ఎంతో దూరం లేని బొడ్డపాడులో గుడి పూజారి. జముకుల కథని చేతిలోకి తీసుకుని రైతాంగ పోరాటాన్ని అందులో పెట్టారు. 1969 డిసెంబరులో ఆయన్ని చంపేశారు. జముకు వాయిద్యం చూడనివాళ్ల కోసం ఒక మాట. గుండ్రటి గొట్టానికి ఒక వైపు తోలు మూస్తారు. ఆ తోలు నడిమధ్య నుంచి తీగ లాగి, దాన్ని బిగిస్తూ వదులుతూ మీటుతారు. దెబ్బ పడగానే స్వరం పైకి పోయి కిందికి జారుతుంది, మనిషి మూలిగినట్టు. శృతీ లయా రెండూ దానిలోనే. కథకుడి పక్కన వంతలు ఉంటారు. కథకుడు ఒక ముక్క అంటే వాళ్లు ‘అలాగా’ అన్నట్టు తగులుకుంటారు, ఎదురు ప్రశ్న వేస్తారు, వెక్కిరిస్తారు. ఊళ్లో ఎవరికి ఏ అనుమానం వస్తుందో ముందే ఊహించి వంత నోట్లో పెట్టడం జముకుల కథ రాసేవాడి తెలివి. విన్నవాడి ప్రశ్నకి జవాబు పాటలోనే దొరుకుతుంది. ఒంటరిగా గదిలో రాసేవాళ్లు నేర్చుకోవలసింది ఏదన్నా ఉంటే ముందు ఇదే అంటాను.

పద్నాలుగు మాత్రలు

వంగపండు ప్రసాదరావు 1943లో పార్వతీపురం దగ్గర పెదబొండపల్లిలో పుట్టారు. విశాఖ షిప్‌యార్డులో ఫిట్టరు. 1972లో పుట్టిన జననాట్యమండలికి గద్దర్‌తో పాటు మూలస్తంభం. వందల పాటలు కట్టారు, ‘భూమి భాగోతం’ నృత్యరూపకం కట్టారు. 2020 ఆగస్టు 4న పార్వతీపురంలో పోయారు. ఆయన పాటల్లో అందరికీ తెలిసినది ‘ఏం పిల్లడో ఎల్దమొస్తవ’. 2009లో ‘మగధీర’ సినిమా పాటలో ఆ ముక్క వినబడేసరికి కొత్త తరం దాన్ని సినిమా పాటే అనుకుంది.

ఆ శీర్షికని ఒకసారి మాత్రలు కట్టి చూడండి. హ్రస్వానికి ఒకటి, దీర్ఘానికి, ద్విత్వ సంయుక్తాక్షరాల ముందున్న అక్షరానికి రెండు. ‘ఏం పిల్లడో’ ఏడు మాత్రలు. ‘ఎల్దమొస్తవ’ ఏడు మాత్రలు. మొత్తం పద్నాలుగు. విజయనగరంలోనే ఉండి గురజాడ 1910లో ముత్యాలసరం కట్టినప్పుడు పాదానికి పెట్టుకున్న మొత్తమూ ఇదే, పద్నాలుగు. ఆయన విరుపు మూడూ నాలుగూ, మూడూ నాలుగూ; ఇక్కడ మొదటి సగం నాలుగూ మూడుగా విరిగింది. ఒకరు సంస్థానంలో ఉద్యోగం చేసిన కవి, ఒకరు ఇనుముతో పనిచేసిన కార్మికుడు. వంగపండు గురజాడని చూసి లెక్క కట్టుకున్నారని నేననడం లేదు. ఇద్దరూ ఈ ప్రాంతపు మాట నడకని చెవితో పట్టుకున్నారనే అనుకుంటున్నాను. పాడేటప్పుడు రాగం తీతలో ఈ మాత్రలు సాగుతాయి, కుదించుకుంటాయి. కాగితం మీద పెట్టి చూస్తే మాత్రం ఎముక ఇది.

ఇప్పుడు అదే మాటని పుస్తకాల తెలుగులో అనండి. ‘వెళ్దాం వస్తావా’. పది మాత్రలు, అన్నీ గురువులే. ఒక్క లఘువు లేదు. అడుగు వేద్దామంటే కాలు బరువు. యాసలో పలికితే ‘వ’ జారిపోయింది, దీర్ఘాలు కురచయ్యాయి, రెండు మాటలు ఒకటిగా కలిశాయి, పది కాస్తా ఏడయింది. శ్రీకాకుళం యాసని చాలామంది పాటకి రంగు కోసం అద్దుతారు. సినిమాల్లో హాస్యం కోసం వాడుకున్నట్టే. లయ పుట్టేది ఆ యాసలోనే అన్న సంగతి వంగపండు పాట ఒక్కటి విప్పి చూస్తే తెలుస్తుంది. ‘లేదు’ని ‘నేదు’ అనడం, ‘చేప’ని ‘సేప’ అనడం కేవలం పలుకుబడి. దీర్ఘం ఎక్కడ కురచవుతుంది, ఏ రెండు మాటలు అతుక్కుంటాయి అన్నది లయ. మొదటిది మాత్రమే తీసుకుని రెండోది వదిలేస్తే పాట వేషం వేసుకున్నట్టుంటుంది.

ఒక పల్లవి కట్టి చూద్దాం

మాటలు చెప్పడం కన్నా ఒకటి కట్టి చూపిస్తే సుళువు. భావనపాడులో నిషేధం రోజులు. బోట్లు కదలవు. వలలు బాగుచేసి ఆరబెట్టడం అయిపోయింది. వచ్చే చేప లేదు, తీరే అప్పు లేదు. సరుకు ఇది. నమూనా కోసం ఇలా అనుకుందాం:

వలలు ఎండినాయి గాని
అప్పు ఎండనేదు పిల్లా

వలలు, ఎండి, నాయి, గాని. అప్పు, ఎండ, నేదు, పిల్లా. చివరి మాట సాగదీత పక్కన పెడితే అన్నీ మూడేసి మాత్రలు. తిస్రగతి. ఒడ్డు మీద అలివి వల లాగేటప్పుడు తాడు మీద పడే పట్టు ఇలాంటి నడకకే ఒదుగుతుంది. ఒక లాగుడు, ఒక విడుపు. నలుగురు కలిసి ‘నేదు నేదు నేదు పిల్లా’ అని అందుకోవచ్చు. ఆ వంతకి కొత్త మాట ఒక్కటీ నేర్వనక్కర్లేదు, పల్లవిలోంచే ఊడివచ్చింది. గొప్ప పల్లవని అనను. కానీ దీన్ని విప్పి మళ్లీ బిగించి చూడొచ్చు.

మొదటి పరీక్ష, పిలుపు మార్చడం. ‘పిల్లా’ తీసి ‘బావా’ పెట్టండి. మాత్రలు అవే. పాట మాత్రం తలకిందులయింది. ఇందాక మొగుడు పెళ్లాంతో చెప్పుకుంటున్నాడు. ఇప్పుడు పెళ్లాం మొగుడికి గుర్తుచేస్తోంది. అతను వీరావల్‌కి సంచి సర్దుకుంటున్నాడన్న సంగతి చెప్పకుండానే వచ్చేసింది. ఇక ప్రతి చరణమూ ఆమె కళ్లతోనే చూడాలి. రేషను, తాకట్టు పెట్టిన పుస్తె, వీడియో కాల్‌లో బొమ్మ ఆగిపోవడం. రాసేవాడు మగవాడైతే ఇక్కడ చాలామంది తడబడతారు. ఆమె నోట తమ కష్టమే చెప్పిస్తారు.

రెండో పరీక్ష, తాళం. ఫోన్ యాప్‌లలో, కంప్యూటర్‌లో ఉచితంగా దొరికే లూపుల్లో ఎక్కువ భాగం నాలుగు దెబ్బలవి. మూడేసి మాత్రల మాటని నాలుగు దెబ్బల లూపు మీద పెడితే ఏమవుతుంది? రెండు దారులు. ఒకటి, ప్రతి మాట చివరి అచ్చుని సాగదీయడం: వలలూ, ఎండీ, నాయీ, గానీ. అన్నీ నాలుగయిపోయాయి. జానపదులు ఈ సాగదీత ఎప్పట్నుంచో చేస్తున్నారు. కానీ పాట నడక మారిపోతుంది. ఇందాక పని చేస్తూ విసుక్కున్నట్టున్నది ఇప్పుడు కూర్చుని ఏడ్చినట్టవుతుంది. రెండో దారి, లూపు పారేసి చేత్తో కొట్టడం. డబ్బా, పళ్లెం, ఏదైనా. తప్పెటగుళ్ల బృందాలు చేసేది అదే కదా. ఛాతీ మీద కట్టుకున్న రేకు తప్పెట మీద ఎవరి దెబ్బ వాళ్లే వేసుకుంటారు. లయ ఆడేవాడి ఒంట్లోంచి వస్తుంది గనక పాట ఊపందుకుంటే తాళమూ ఊపందుకుంటుంది. క్లిక్ ట్రాక్ మీద రికార్డయిన పాటకి ఆ పరుగు లేదు. మొదటి చరణం ఎంత వేగమో ఆఖరి చరణమూ అంతే. ఇవాళ్టి జానపద వీడియోలన్నీ ఒకేలా వినిపిస్తున్నాయని విసుక్కునేవాళ్లు గొంతుల్ని తప్పుబడతారు గానీ సగం నేరం ఆ లూపుదే.

మూడోది శృతి. మైకు లేని రోజుల్లో గుడి ముందు, కళ్లంలో, ఒడ్డున పాడేవాడు పై శృతి ఎత్తుకోక తప్పదు. నాలుగో అయిదో పెట్టి గొంతు చించుకుంటేనే వెనక వరస దాకా పోతుంది. అలా పాడే పాటలో గుసగుస మాటకి చోటు లేదు. నోటికి అంగుళం దూరంలో మైకు వచ్చాక ఒకటిన్నరలో గొణిగినా వినబడుతుంది. దాంతో రాత కూడా మారింది. లోపల్లోపల అనుకునే మాటలు, సగంలో ఆగే వాక్యాలు పాటలోకొచ్చాయి. ఇది మంచి మార్పే. మా ప్రాంతపు పాటలో కోపం, వెక్కిరింత, సరసం దండిగా ఉన్నాయి. మొగుడు ఊళ్లో లేని ఆడమనిషి రాత్రి పది గంటలప్పుడు ఏమనుకుంటుందో మెల్లగా చెప్పే పాటలు తక్కువ. అక్కడ కొత్తవాళ్లకి ఖాళీ ఉంది. కాకపోతే గొణిగే పాటకి వంత ఉండదు. ఏది కావాలో ముందే తేల్చుకుని కూర్చోవాలి.

చరణాల దగ్గర ఒక్క మాట చాలు. పల్లవి చెప్పిందే చరణం మళ్లీ చెబితే రెండో చరణానికి వేలు స్క్రీన్ మీద పడుతుంది, పాట జారిపోతుంది. ప్రతి చరణం కొత్త వస్తువు ఒకటి చేత పట్టుకుని రావాలి.

వరస ఎవరిది?

సొంత పాట అంటారు గానీ వరస చాలావరకు సొంతం కాదు. అందులో సిగ్గుపడాల్సింది లేదు. అమెరికాలో వుడీ గత్రీ 1940లో రాసిన ‘దిస్ ల్యాండ్ ఈజ్ యువర్ ల్యాండ్’కి వరస కార్టర్ ఫ్యామిలీ పాడిన భక్తిగీతం నుంచి వచ్చింది. బాబ్ డిలన్ ‘బ్లోయింగ్ ఇన్ ది విండ్’ వరసకి మూలం బానిసత్వం నుంచి బయటపడ్డ నల్లవాళ్ల పాట. డిలన్‌కి 2016లో నోబెల్ వచ్చినప్పుడు వరస అరువు తెచ్చుకున్నావని ఎవరూ బహుమతి ఆపలేదు. జననాట్యమండలి చేసిందీ అదే. జనం నోట ఉన్న బాణీలో కొత్త మాట పెట్టారు. వరస ముందే తెలుసు గనక వంతకి రిహార్సల్ అక్కర్లేదు. పాత వరస ఎంచుకోవడం బద్ధకం కాదు, వంతని ముందే సంపాదించుకునే ఉపాయం.

తగువు వచ్చేది డబ్బు వచ్చినప్పుడు. 2021లో ‘లవ్‌స్టోరి’ సినిమాలో ‘సారంగదరియా’ వచ్చినప్పుడు సుద్దాల అశోక్‌తేజ రాసిన మాటలు, జానపదంలోని మూలం, దాన్ని అంతకుముందే టీవీ వేదిక మీద పాడిన కోమలి, వీటిలో ఎవరి వాటా ఎంతన్నది పెద్ద చర్చయింది. 2020 మార్చిలో వచ్చిన ‘పలాస 1978’లో రఘు కుంచె సంగీతంతో మోగిన ‘నక్కిలీసు గొలుసు’ మూలం ఉత్తరాంధ్ర జానపదమే. తెర మీద ‘జానపదం’ అని పడుతుంది. మంచిదే. కానీ జానపదం అన్న మాట వెనక ఎప్పుడూ జనమే ఉండరు. ఒక్కోసారి బతికున్న ఒక మనిషి ఉంటాడు. అరకులోనో ఆమదాలవలసలోనో ఒకడు పదేళ్ల కిందట కట్టిన చరణం, నాలుగు నోళ్లు మారేసరికి అనామకమైపోతుంది.

చట్టం ఇక్కడ కాస్త నయం. మన దేశంలో పాట రాసిన క్షణం నుంచే హక్కు పుడుతుంది, రిజిస్ట్రేషన్ ఉండి తీరాలని లేదు. మాటకీ వరసకీ హక్కు రాసినవాడు పోయాక 60 ఏళ్లు. ఆ లెక్కన గరిమెళ్ల పాటలు 2013 నుంచి అందరివీ. వంగపండు పాటల హక్కు 2080 ఆఖరు దాకా వారసులది. 2012లో కాపీరైట్ చట్టానికి వచ్చిన సవరణ తర్వాత రచయిత, స్వరకర్త తమ రాయల్టీ వాటాని నిర్మాతకి రాసిచ్చినా అది చెల్లదు. ఆ వాటా వసూలు చేసేందుకు 1969 నుంచి ఐపీఆర్‌ఎస్ అనే సంస్థ ఉంది. ఇక్కడి కుర్రాళ్లలో ఎక్కువమంది దగ్గర సభ్యత్వం సంగతి అటుంచండి, పాట ఎప్పుడు కట్టారో తేదీ వేసిన కాగితం కూడా ఉండదు.

డబ్బు గురించి ఆశలు పెట్టుకోకపోవడం మంచిది. యూట్యూబ్ ప్రకటనల్లో వాటా ఇవ్వాలంటే 1000 మంది సబ్‌స్క్రైబర్లు ఉండాలి, దాంతో పాటు ఏడాదిలో 4000 గంటల వీక్షణ గానీ, 90 రోజుల్లో షార్ట్స్‌కి కోటి వ్యూస్ గానీ రావాలి. స్పాటిఫై 2024 నుంచి ఏడాదిలో 1000 సార్లు వినని పాటకి పైసా ఇవ్వడం లేదు. ఈ గడపలు దాటినవాళ్లకి కూడా ఇల్లు గడిచేది గైరమ్మ సంబరాల్లో, జాతరల్లో, పెళ్లిళ్లలో వేసే ప్రోగ్రాములతోనే. యూట్యూబ్ పాట విజిటింగ్ కార్డు లాంటిది. ఆ ప్రోగ్రాముల్లో మళ్లీ పాత పరీక్షే. స్టేజి కింద ఉన్నవాళ్లు పల్లవి అందుకున్నారా లేదా?

హైదరాబాద్ బ్యాండ్ చౌరస్తా ఈ సంగతి బాగా పట్టుకుంది. గిటార్లు, డ్రమ్స్ ఉన్నా పల్లవి మాత్రం రచ్చబండ మీద కూర్చున్నవాడికి అందేలా కడతారు. 2020 లాక్‌డౌన్‌లో రామ్ మిరియాల పాడిన ‘చేతులెత్తి మొక్కుతా’ ఊళ్లలో ఆటోల మైకుల్లో మోగిందంటే కారణం అదే. అందులోనూ ఎదుటివాడిని పట్టుకుని బతిమాలడం ఉంది. మళ్లీ పిలుపే.

ఇక భావనపాడు గదిలో దుప్పటి కట్టుకుని పాడుతున్న కుర్రాడికి నేను చెప్పగలిగినవి పనికి సంబంధించిన ముచ్చట్లే. పల్లవి రాగానే రికార్డు బటన్ నొక్కొద్దు. వలలు బాగుచేసుకునే చోటికి వెళ్లి, వాయిద్యం లేకుండా, మామూలుగా రెండుసార్లు పాడు. మూడోసారి సగంలో ఆపేయి. మిగతా సగం వాళ్లు పూర్తి చేస్తే గదికి వెళ్లు. వాళ్లు మాట మార్చి పూర్తి చేస్తే ఇంకా మంచిది, వాళ్ల మాటే ఉంచుకో. రికార్డింగ్ రోజున ఆ నలుగురినీ గదిలోకి పిలువు, ఇరుకైనా సరే. ఒకే గొంతుని నాలుగు ట్రాకులు చేసి వంతలా అతికించే పని మానుకో, చెవికి తెలిసిపోతుంది. పాట పెట్టేటప్పుడు మాట ఎవరిది, వరస ఎవరి దగ్గర విన్నావు, ఏ ఊళ్లో విన్నావు, వంత ఎవరు పాడారు, వాళ్లు ఒప్పుకుంటే అందరి పేర్లూ కింద రాయి. డిస్క్రిప్షన్ పెట్టెలో 5000 అక్షరాలు పడతాయి. సబ్‌స్క్రైబ్ చేయండి, గంట కొట్టండి అని రాయగా కూడా బోలెడు చోటు మిగులుతుంది.